లేని శుక్రవారం నాటి తప్పు

గురువారం రాత్రి పడుకున్న ఊరు శనివారం పొద్దున లేచింది. మధ్యలో ఉండవలసిన శుక్రవారాన్ని సర్కారు తీసేసింది.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలతో బేరసారాలు సాఫీగా సాగాలంటే వాళ్ల వారమూ సమోవా వారమూ ఒక్కటి కావాలట. అందుకని దేశం దేశమంతా ఒక పక్క నిన్న, ఇంకో పక్క ఇవాళ ఉండే తేదీ గీతకి ఇటునుంచి అటు దూకేయాలని ఆ ఏడాది నిర్ణయమైంది. రేడియోలో చెప్పారు. చర్చిలో చెప్పారు. సవాయి ద్వీపంలోని వాయ్‌సినా ఊళ్లో వినపడని ముసలివాళ్లకు చెవిలో అరిచి మరీ చెప్పారు. శుక్రవారం తోటపని వంతు వచ్చినవాళ్లు స్తోత్రం చెప్పుకున్నారు. శుక్రవారం విందుకి పిలుపు అందినవాళ్లు ఏడ్చినంత పని చేశారు.

నిజంగా మనసు కష్టపెట్టుకున్నది మాత్రం వాయోలా. ఆ తీసేసిన శుక్రవారం డిసెంబరు ముప్పయ్యో తారీకు. ఆమె కూతురు ఫిలోయి పుట్టినరోజు. పెళ్లయిన ఎన్నో ఏళ్లకి, ఇక లేదులే అని ఊరూ తనూ కూడా ఆశ వదులుకున్నాక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల.

"అయితే నాకు ఏడేళ్లు వచ్చినట్టా, రానట్టా?" అని గురువారం పొద్దుటినుంచీ పిల్ల తండ్రి ప్రాణం తోడేసింది.

"నిద్రలో వచ్చేస్తాయిలే," అన్నాడు ఎసేకియా.

"నిద్రలో వస్తే బన్నులు ఎప్పుడు తినాలి?"

కొబ్బరిపాలల్లో ఉడికి ఉబ్బిన తీపి బన్నులు దుకాణంలో పొద్దున్నే వస్తాయి. ప్రతి పుట్టినరోజుకీ ఆ బన్నులు ఫిలోయి తనే వెళ్లి తెచ్చుకోవడం అలవాటు.

ఆ సాయంత్రం శంఖం ఊదాక ఇంటిల్లిపాదీ ప్రార్థనకు కూర్చున్నప్పుడు వాయోలా అందరితోపాటు ఆమేన్ అంది. మనసులో మాత్రం, "ప్రభువా, ఇన్ని రోజులుండగా నీకు నా బిడ్డ రోజే దొరికిందా?" అని అడిగింది. అడిగాక కాస్త భయపడింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

శనివారం తెల్లవారుతుండగా వాయోలా చీపురు పట్టుకుని ఇంటి ముందుకి వచ్చింది. రాత్రి రాలిన సీమపనస ఆకులు ఊరు లేవకముందే ఊడ్చేయాలి. లేకపోతే ఎదురింటివాళ్లు మాట అంటారు.

ఇంటి ముందు పరిచిన నల్లరాళ్ల మీద ఒక చాప గుట్టలా ఉంది. చాప కింద ఒక మనిషి. మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకి ఆనించి, పైనుంచి కిందిదాకా మేలిరకం మొగలిచాప కప్పుకుని ఉన్నాడు. ముందు ఒక కట్టెల మోపు, కాసిని గుండ్రాళ్లు, పచ్చి కొబ్బరాకులు పెట్టి ఉన్నాయి.

వాయోలా చేతిలో చీపురు జారిపోయింది. దీన్ని ఇఫోగా అంటారు. ఒక ఇంటి మనిషి నెత్తురు కళ్లచూసినవాడు తెల్లారకముందే ఆ ఇంటి ముందుకొచ్చి ఇలా వంగుతాడు. ఇవిగో కట్టెలు, ఇవిగో రాళ్లు, పొయ్యి పేర్చి నన్ను కాల్చుకున్నా మీ ఇష్టం అని దాని అర్థం. ఇంటివాళ్లు బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో వానలో అలాగే ఉండాలి. చాప లేచేదాకా లోపలి మనిషి లేవకూడదు, నోరు విప్పకూడదు.

ఆమె లోపలికి పరుగెత్తి మొగుణ్ణి లేపింది. "లే. మనింటి ముందు ఎవరో వంగారు."

"మనకెవరు ఏం చేశారు?" అన్నాడు ఎసేకియా కళ్లు నులుముకుంటూ.

"నన్నడుగుతావేం. నేనూ ఇప్పుడేగా లేచింది."

ఎసేకియా లుంగీ బిగించుకుని, ఇంటి యజమాని కూర్చోవలసిన ముందు స్తంభం దగ్గర కూర్చున్నాడు. ఆ ఇంటికి గోడలు లేవు, స్తంభాలూ కొబ్బరాకు తెరలే. తెర ఎత్తితే చాప కింది మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఎసేకియా ఒక్కొక్కటే ఊహించడం మొదలుపెట్టాడు.

"మన పందిని ఎవరైనా కొట్టారేమో."

"రెండూ వెనకాల ఉన్నాయి. అరుస్తుంటే వినపడడం లేదా?"

"చేమతోటలో ఎవరైనా పడ్డారేమో."

"చేమదుంపలకి ఎవడైనా చాప కప్పుకుంటాడా?" అంది వాయోలా. దాంతో ఇద్దరూ తమవాళ్లని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్నవాళ్లు ముగ్గురు. ముగ్గురూ కళ్లెదుట క్షేమంగా ఉన్నారు. అక్క, చెల్లి, అన్న, తమ్ముడు అందరినీ తలుచుకున్నారు. అందరూ గురువారం రాత్రి చర్చి గంటలు మోగుతుంటే కనిపించినవాళ్లే.

మామూలుగా ఇఫోగాకి తప్పు చేసినవాడి కుటుంబం కుటుంబమంతా వస్తుంది, వాళ్ల పెద్దమనిషితో సహా. ఈ మనిషి వెనక ఎవరూ లేరు. తప్పేమిటో తెలియకుండా చాప ఎత్తడం మర్యాద కాదు. తప్పేమిటని అతన్ని అడగడం అసలే కాదు. ఎటూ పాలుపోక మొగుడూ పెళ్లామూ అలా కూర్చుండిపోయారు.

ఈలోగా దారిన పోయేవాళ్లు ఆగారు. ఆగినవాళ్లని చూసి ఇంకొందరు వచ్చారు.

"ఎసేకియా, నీకు జరిగిన అన్యాయం నీకే తెలియదా? ఎంత అదృష్టవంతుడివయ్యా," అన్నాడు ఒకడు.

"దారి తప్పాడేమో. పక్క ఊరికి పోవాల్సినవాడు చీకట్లో ఇక్కడ వంగాడు," అంది ఒకావిడ.

అప్పుడే ఫిలోయి జుట్టు విరబోసుకుని బయటికొచ్చింది. తల్లి చంకలోంచి తల దూర్చి చాపని చూసింది. "అమ్మా, నా పుట్టినరోజు తీసేసినందుకు సర్కారు వచ్చి వంగిందా?"

జనం గొల్లున నవ్వారు. ఎసేకియా కూడా నవ్వాడు. వాయోలా నవ్వలేదు. పిల్ల గొంతు వినపడగానే చాప మొత్తం వణకడం ఆమె చూసింది.

"సర్కారు ఎటూ వంగింది కాబట్టి ఈవాళే నా పుట్టినరోజు అనుకుందాం," అంది ఫిలోయి. "బన్నులకి వెళ్లనా? వేడివి అయిపోతాయి."

ఏదో ఒకటి చెప్పి పిల్లని ఇక్కణ్ణుంచి పంపితే మేలని వాయోలాకి తోచింది. "సరే, వెళ్లు. తిన్నగా వెళ్లి తిన్నగా రా."

"వద్దు వదినా," అన్నాడు చాప కింది మనిషి.

నవ్వులు ఆగిపోయాయి. చాప కింద ఉన్నవాడు మాట్లాడడం ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

"పంపకు వదినా. నీ కాళ్లు పట్టుకుంటా. పిల్లని రోడ్డు మీదికి పంపకు."

జనంలోంచి ఒక ముసలామె తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆమె సులియేతి, ఎసేకియాకి పెద్దమ్మ. దుకాణం వైపు దిగే ఏటవాలు రోడ్డుకి పైన ఆమె ఇల్లు. ఆ ఇంటిముందు నిలబడేది ఆమె కొడుకు ఫెరేతి నడిపే బస్సు, ఊరివాళ్లని ఓడరేవుకి చేర్చే బస్సు.

"అది మా ఫెరేతి గొంతు," అంది సులియేతి. తర్వాత తనే మళ్లీ, "ఫెరేతి ఎలా అవుతాడు? ఇప్పుడేగా వాడికి కోకో ఇచ్చొచ్చాను. బస్సు తుడుస్తున్నాడు," అంది.

"గొంతులు కలుస్తాయి పెద్దమ్మా," అన్నాడు ఎసేకియా.

"గొంతులు కలుస్తాయి. చాపలు కలవవు." ఆమె వంగి చాప అంచు పట్టుకుంది. చాలాసేపు వేళ్లతో తడిమింది. ఆమె తల్లి సగం అల్లి చనిపోతే మిగతా సగం తను అల్లిన చాప అది. తల్లి చెయ్యి ఆగిన చోట అల్లిక కాస్త ముతకగా మారుతుంది. ఆ పక్కనే లాంతరు నిప్పు పడి కాలిన మచ్చ. ఊళ్లో ఎవరి మేలిచాప ఏదో అందరికీ తెలుసు. సులియేతి చాప ఎవరి పెళ్లికీ, ఎవరి చావుకీ ఇంకా బయటికి రాలేదు. పరుపు కింద పెట్టుకుని దాని మీదే పడుకుంటుంది.

ఆమె ఇంటికి వెళ్లి, పరుపు కింది చాప చుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. మోకరిల్లిన మనిషి పక్కన దాన్ని విప్పింది. అదే అల్లిక, అదే చోట ముతక, అదే మచ్చ.

"ఒకే చెయ్యి రెండు చాపలు అల్లచ్చు," అంది నెమ్మదిగా. "మా అమ్మ రెండుసార్లు చావలేదు కదా." తర్వాత చాప మీద చెయ్యి వేసింది. "ఒరేయ్, నువ్వెవరివో నాకు తెలియదు. నా కొడుకు గొంతుంది నీకు. తల్లిని, అడుగుతున్నాను. ఏం చేశావో చెప్పు."

చాప కింద చాలాసేపు ఏడుపే వినిపించింది. ఆ తర్వాత మాటలు వచ్చాయి.

"నిన్న చేశానమ్మా. శుక్రవారం."

"ఏ శుక్రవారం?" అన్నారు నలుగురైదుగురు.

"డిసెంబరు ముప్పై. మాకు శుక్రవారం వచ్చింది. గురువారం చీకటిపడ్డాక రేడియోలో చెప్పారు, తేదీ మార్పు వచ్చే ఏడాదికి వాయిదా పడిందని. అందరం పడుకుని లేస్తే మామూలు శుక్రవారమే. ఫిలోయి పుట్టినరోజు. పొద్దున్నే బన్నులకి బయలుదేరింది. నేను ఓడ జనాన్ని ఎక్కించుకుని వాలు దిగుతున్నాను. బ్రేకు పట్టలేదు."

 

వాయోలా కూతుర్ని వెనక్కి లాక్కుని రెండు చేతులతో చుట్టేసింది. నొప్పి పుట్టి పిల్ల గింజుకుంది.

"బ్రేకు నూనె కారుతోందని నాకు ముందే తెలుసు వదినా. రోజూ పోస్తూ నడిపాను. క్రిస్మస్ సెలవుల్లో జనం ఎక్కువ, కొత్త సంవత్సరం వెళ్లాక బాగు చేయిద్దాం అనుకున్నాను. ఇవాళ తెల్లవారకముందే చాప కప్పుకుని మీ ఇంటి ముందు కూర్చున్నాను. నా వెనక మా ఇంటివాళ్లంతా కూర్చున్నారు. నువ్వు తెర వేసుకుని లోపలే ఉన్నావు. ఎవరు పిలిచినా పలకలేదు. నేను కళ్లు మూసుకుని ప్రభువుని ఒక్కటే అడిగాను, ఆ శుక్రవారం లేకుండా చెయ్యమని. ఎన్నిసార్లు అడిగానో తెలియదు. కాసేపటికి నా వెనక మావాళ్ల ఏడుపు వినిపించడం మానేసింది. నువ్వు ఊడవడానికి వచ్చిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పాప గొంతు."

ఊరంతా దూకింది కదా గీత మీదినుంచి, ఎవరిదో ఒక కాలు అటే ఉండిపోయి ఉంటుంది, అనుకున్నాడు ఎసేకియా. పైకి కూడా అదే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

సులియేతి ఉన్నట్టుండి తల ఎత్తింది. "ఎసేకియా, నా కొడుకు ఇంజను వేడెక్కిస్తున్నాడు. ఓడ వేళవుతోంది."

అప్పటిదాకా కథ వింటున్నట్టుగా నిలబడ్డ జనం ఒక్కసారిగా రోడ్డు వైపు తిరిగారు. పైనుంచి బస్సు రొద వస్తూనే ఉంది. ఎసేకియా ఊడిపోతున్న లుంగీని చేత్తో పట్టుకుని వాలు ఎక్కుతూ పరుగెత్తాడు. ఆ వయసులో ఆ మనిషి అంత జోరుగా పరుగెత్తగలడని వాయోలాకి తెలియదు. కాసేపటికి రొద ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో వాయోలా నల్లరాళ్ల మీద అలాగే కూర్చుండిపోయింది. గురువారం సాయంత్రం దేవుణ్ణి నిలదీసిన మాట ఆమెకి గుర్తొచ్చింది. తాను తిట్టుకున్న ఆ ఖాళీలోనే తన బిడ్డ ప్రాణం పదిలంగా ఉందని తెలిసేసరికి స్తోత్రం ప్రభువా అనబోయింది. సగంలోనే ఆగింది. తెర వేసుకుని కూర్చున్న ఇంకో వాయోలా కళ్ల ముందు నిలబడింది. ఆమె కూడా ఇన్నేళ్లూ ఇవే ప్రార్థనలు చేసింది కదా. ఇదే బిడ్డని ఇంతే ఆలస్యంగా కన్నది కదా. నాకిచ్చినది ఆమెకెందుకు ఇవ్వలేదు?

"చాప ఎత్తేయమ్మా," అంది జనంలో ఒకావిడ జాలిగా. "నీ బిడ్డ నీ ఒళ్లో ఉంది. ఇక్కడ తప్పే జరగలేదు. పాపం ఎండెక్కుతోంది."

"తప్పు జరగకపోతే నేనెత్తేదేముంది?" అంది వాయోలా. "కడుపుకోత ఆవిడది. ఆవిడ బదులు నేను క్షమిస్తే, నా బిడ్డ పక్కన కూర్చుని ఉదారం చూపించినట్టు కాదా? అది నావల్ల కాదు."

అది న్యాయమేనని అందరికీ తెలుసు.

ఎసేకియా తిరిగి వచ్చాడు. వెనక ఫెరేతి, ఈ ఊరి ఫెరేతి. చేతులనిండా నూనె మరకలు. దారిలోనే ఎసేకియా అంతా చెప్పి ఉంటాడు, ముఖం పాలిపోయి ఉంది.

"పెడలు నేలకి ఆనిపోతోంది," అన్నాడు ఎసేకియా. "నేనూ తొక్కి చూశాను."

"రెండుసార్లు తొక్కితే పట్టుకునేది," అన్నాడు ఫెరేతి గొణుగుతూ. "కొత్త సంవత్సరం వెళ్లాక చేయిద్దామనుకున్నా."

చాప కిందనుంచి వచ్చిన మాటలే మళ్లీ నిలబడ్డ మనిషి నోట వినేసరికి జనం ఒక అడుగు వెనక్కి వేశారు. సులియేతి లేచి కొడుకు దగ్గరికి వెళ్లింది. కొడుతుందేమో అనుకున్నారు. ఆమె వాడి నూనె చేతులు రెండూ పట్టుకుని చూసి, వదిలేసింది. "చాప కింద వాడొక్కడే మోస్తున్నాడు," అంది.

ఫెరేతి చాప దగ్గరికి నడిచాడు. ఆ అంచు కింద కనిపిస్తున్న వేళ్లని చూశాడు. చిటికెన వేలు వంకర కూడా తన వేలి వంకరే. చాప అంచు కాస్త ఎత్తి, వంగి, తనూ లోపలికి దూరాడు. రెండు వీపులు పక్కపక్కనే ఒకే చాప కింద వంగాయి.

"నువ్వేం చేశావురా?" అన్నాడు ఎవరో.

"ఇవాళ వాలు దిగి ఉండేవాణ్ణి," అన్నాడు చాప కింద ఫెరేతి. ఇద్దరిలో ఏ ఫెరేతి అన్నాడో అడగాల్సిన అవసరం లేకపోయింది.

ఇప్పుడు వాయోలాకి దారి కనిపించింది. ఇక్కడా ఒక తప్పు ఉంది. ఆ తప్పు ఈ ఇంటి ముందుదే. దాన్ని ఎత్తడం తన పనే. అయితే అంతకుముందు ఇంకొకటి ఉంది. ఫిలోయిని సులియేతి చేతికిచ్చి ఆమె చాప దగ్గర కూర్చుంది. ఏడుస్తున్న వీపు ఏదో చూసి దాని మీద చెయ్యి వేసింది.

"ఫెరేతీ, అక్కడ నీ వదిన నీ మీద కోపంతో లోపల కూర్చోలేదు," అంది. "ఊరంతా అలాగే అనుకుంటుంది. నువ్వూ అలాగే అనుకుంటున్నావు. నన్ను నేనెరుగుదును. బన్నులకి వెళ్లనా అని పిల్ల అడిగితే సరే అన్నది ఎవరు? ఆవిడే కదా. ఆ ఒక్క మాట నోట్లో పెట్టుకుని కూర్చుంది. చాప ఎత్తడానికి బయటికొస్తే అందరూ తన ముఖం చూస్తారు. చూస్తే ఎక్కడ తెలిసిపోతుందో అని."

చాప కింద ఏడుపు ఆగింది. అతను వింటున్నాడు.

"ఆవిడని ఎవరు ఓదార్చినా నమ్మదు. మొగుడు చెప్పినా, పాస్టరుగారు చెప్పినా, నీకేం తెలుసు అనుకుంటుంది. నా మాట నమ్ముతుంది. వెళ్లి చెప్పు. ఈ పొద్దున నేనూ సరే అన్నాను. అందరూ చూస్తుండగా, తిన్నగా వెళ్లి తిన్నగా రా అని నేనూ పంపాను. నువ్వు అడ్డం పడ్డావు గనక ఆగింది గానీ, నా తెలివి వల్ల కాదు. నాది తప్పు కాకపోతే ఆవిడదీ తప్పు కాదు. పుట్టినరోజు నాడు పిల్లని బన్నులకి పంపని తల్లి ఉంటుందా? ఇది వాయోలాకి వాయోలా చెప్పిన మాట అని చెప్పు. నిన్ను క్షమించడం, క్షమించకపోవడం ఆవిడ ఇష్టం. అందులో నేను వేలు పెట్టను."

గొంతు తగ్గించి మళ్లీ అంది. "ఇంకొకటి. నా బిడ్డని ఆపావు. దానికి నేనెన్నాళ్లు బతికినా నీకు రుణపడే ఉంటాను. ఇది కూడా చెప్పు, ఆవిడకి కష్టం అనిపిస్తుందేమో, అయినా చెప్పు. దాచావని తెలిస్తే ఇంకా కష్టపడుతుంది."

ఆమె లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంది. చాప రెండు కొసలూ పట్టుకుని, "ఫెరేతీ, ఆ బస్సు బాగు కాకుండా కదిలిందా, నేనే నీ ఇంటి ముందు వంగుతాను, చూసుకో," అని ఎత్తింది.

కింద ఒక్కడే ఉన్నాడు. ఈ ఊరి ఫెరేతి. పక్కన నల్లరాళ్ల మీద మోకాళ్ల గుంటలు, వాటి ముందు తడిసిన రాయి ఒకటి.

చాప మాత్రం వాయోలా చేతుల్లోనే ఉండిపోయింది. సులియేతి తెచ్చిన రెండోది నేల మీద పరిచే ఉంది.

జనం మెల్లగా విడిపోయారు. ఓడకి వెళ్లవలసినవాళ్లు పెట్టెలు నెత్తిన పెట్టుకుని, ఫెరేతిని మనసారా తిట్టుకుంటూ నడక సాగించారు. ఒకావిడ అయితే వెనక్కి తిరిగి, "బతికించావులే నాయనా, కాళ్లే పోయాయి," అని కూడా అంది. అంటూనే దుకాణం వైపు వెళ్తున్న ఫిలోయి తల నిమిరి వెళ్లింది. పిల్లకి ఒక పక్క తల్లి, ఇంకో పక్క తండ్రి, వెనకాల ఫెరేతి. "ఇంతమందా, నాకు బన్నులు మిగులుతాయా?" అని పిల్ల బెంగ.

మధ్యాహ్నం నీడలో కూర్చుని సులియేతి రెండు చాపలనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంటుంటే ఎసేకియా అన్నాడు. "పెద్దమ్మా, చాప ఇక్కడే ఉండిపోయిందంటే అక్కడ అతని మీద చాప లేదన్నమాటేగా."

"లేదుమరి."

"అక్కడివాళ్ల కంటికి అతను చాప లేకుండా కూర్చుని ఉంటాడు. చాప లేదంటే ఎవరో ఎత్తినట్టే కదా."

"నేను ఆవిడ తరఫున ఎత్తలేదు," అంది వాయోలా వెంటనే.

"నువ్వెత్తావని ఎవరన్నారు? అదే వేళకి అక్కడ ఆవిడ బయటికొచ్చి ఎత్తిందేమో. రెండు చేతులూ ఒకేసారి పడ్డాయేమో."

వాయోలాకి అలా అయితే బాగుండునని ఉంది. అలాగే అయిందని అనుకోవడానికి భయంగానూ ఉంది. తన మనసు తేలిక కోసం ఆ ఇంట్లో ఏం జరిగిందో తను నిర్ణయించేయడం ఏం న్యాయం?

పొద్దు వాలింది. శంఖం ఊదారు. రోడ్డు మీద మనిషి లేడు, ప్రతి ఇంట్లోనూ దీపం, దీపం చుట్టూ మనుషులు. ఆ రోజు సులియేతి, ఫెరేతి కూడా ఎసేకియా ఇంట్లోనే కూర్చున్నారు. మధ్యలో సీమపనస, చేమదుంపలు, చేపల కూర, మిగిలిన రెండు బన్నులు. పాట అయ్యాక ఎసేకియా ఎప్పటిలాగే ఒక్కొక్కరినీ కృతజ్ఞత చెప్పమన్నాడు.

"ఏడేళ్లు వచ్చినందుకు స్తోత్రం," అంది ఫిలోయి. "నిద్రలో రానందుకు ఇంకో స్తోత్రం."

ఫెరేతి తన వంతులో తల ఇంకా కిందికి వంచాడు. ఎసేకియా అతని భుజం తట్టి వాయోలా వైపు చూశాడు.

"ప్రభువా," అంది వాయోలా. "నా బిడ్డని నా దగ్గర ఉంచావు. ఎంత చెప్పినా చాలని స్తోత్రం అది, రోజూ చెబుతాను. ఆవిడ దగ్గర ఎందుకు ఉంచలేదో మాత్రం నాకు తెలియడం లేదు. అది కూడా రోజూ అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇప్పుడు అక్కడ కూడా శంఖం ఊది ఉంటారు. పొద్దుటినుంచీ ఆవిడ ఏమీ తిని ఉండదు. ఎవరినైనా లోపలికి పంపు. తెర తీసుకుని వెళ్లి, పక్కన కూర్చుని, ఒక ముద్ద తినిపించేవాళ్లని ఎవరినైనా పంపు."

"ప్రభువుని కష్టపెట్టకు," అంది సులియేతి కళ్లు మూసుకునే. "నేను ఉన్నానుగా అక్కడ. నన్ను నేనెరగనా? ఈపాటికి చేమదుంపలు పట్టుకుని దూరి ఉంటాను. పొమ్మంటుంది. పోతానా?"

వాయోలా తల వంచుకుని ఏడ్చింది, పొద్దుటినుంచీ మొదటిసారి నిండుగా. ఫిలోయి ఒక కన్ను తెరిచి తల్లిని చూసి, బన్ను ఒకటి ఆమె వైపు జరిపింది. ఎసేకియా ఆమేన్ అనడానికి కాస్త ఆలస్యమైంది.